పాత ఫోర్‌వీల్ క్యాంపర్ కొన్న మేనల్లుడికి

నర్సీపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన ఫోటోలూ అందాయి. చింతపల్లి పైన ఉన్న తోట నుంచి కాఫీ బస్తాలూ మిరియాలూ దింపుకోవడానికి 2009 నాటి బొలేరో క్యాంపర్, అందులోనూ ఫోర్‌వీల్ గేరు ఉన్నది కొన్నావని తెలిసి సంతోషించాను. అటువంటి దారికి అటువంటి బండే కావాలి. అయితే నీవు చేయించదలచిన మార్పుల జాబితా చూశాక ఈ ఉత్తరం కొంత పొడవుగా రాయవలసి వస్తోంది. 31 అంగుళాల టైర్లు, బండిని నాలుగు అంగుళాలు ఎత్తించడం, ముందు ఇనుప బంపరు, దానికి కూరుకుపోయిన బండిని తీగతో లాగే వించి, నెత్తి మీద లైట్ల పట్టీ అని రాశావు. బ్రేకుల మాట గాని, స్టీరింగు మాట గాని, నూనెల మాట గాని ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ముప్పై ఏళ్ల పాటు ఏజెన్సీ దారుల్లో జీపులూ పికప్పులూ తిప్పినవాడిగా నేను గమనించింది ఒక్కటే. బండిలో ఒక చోట మార్పు చేస్తే దాని భారం ఆ చోటనే ఆగదు, పక్కనున్న భాగం మీదకు పోతుంది. పెద్ద టైరు వేస్తే వీల్ బేరింగు మీదా, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్ల మీదా, క్లచ్ మీదా, బ్రేకుల మీదా బరువు పడుతుంది. కొత్త బండి ఆ భారాన్ని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. పదిహేనేళ్లు దాటిన బండిలో ఆ పక్క భాగం ఇప్పటికే అరిగి ఉంటుంది కనుక, నీవు దేనికి డబ్బు పెట్టావో అది బాగానే ఉంటుంది, దాని పక్కది విరుగుతుంది. అందువల్ల ముందు ఉన్న బండిని ఉన్నట్టుగా నిలబెట్టు, తరువాత మార్పుల సంగతి చూద్దాం.

మొదట చాసీ, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం చూడు. ఈ బండి ఇంతకాలం విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున తిరిగిందని రాశావు కనుక ఇది మరీ ముఖ్యం. బండిని ర్యాంపు ఎక్కించి, అడుగున ఉన్న మట్టి అంతా ప్రెషర్ నీళ్లతో కడిగించి, ఆరిన తరువాత చిన్న సుత్తితో చాసీ పొడవునా తట్టుకుంటూ వెళ్లు. మంచి ఇనుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. వెనుక కమాను కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలు, తగిలించిన బ్రాకెట్ల దగ్గర, అడ్డ దూలాలు కలిసే మూలల్లో, మట్టి చేరి ఆరకుండా ఉండే చోట్ల ఎక్కువసేపు ఆగు. కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే, ఆ రంగు కింద ఏముందో గీకి చూడనిదే నమ్మవద్దు. వెల్డింగు అవసరమైతే చాసీ పని తెలిసిన మేస్త్రీ చేతనే చేయించు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించు. చాసీ నంబరు చెక్కి ఉన్న చోటును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకు. అక్కడ గ్రైండరు తగిలితే ఫిట్‌నెస్ నాడు నీవు చెప్పే సమాధానాన్ని ఎవరూ వినరు.

ఇక నూనెలు. ఇంజిన్ ఆయిల్ గురించి అందరూ చెబుతారు కనుక నేను కింద ఉన్న వాటి గురించి చెబుతాను. నీ బండిలో గేరు బాక్సు, ఫోర్‌వీల్ గేరు ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు, చక్రాలకు ఇంజిన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్ ముందొకటి, వెనుకొకటి అని నాలుగు పెట్టెలు ఉన్నాయి. పాత యజమాని ఎప్పుడు మార్పించానని చెప్పినా సరే, నాలుగింటిలోనూ నూనె మార్పించు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. కింది డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు పైన నూనె పోసే ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. పాత బండ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఉన్న నూనె అంతా కారిపోయాక పై ప్లగ్ రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. డిఫరెన్షియల్‌కు పోసే నూనెను అలవాటు కొద్దీ గేరు బాక్సులో పోయించకు. డిఫరెన్షియల్ నూనెల్లో కలిపే కొన్ని మందులు గేరు బాక్సులోని ఇత్తడి రింగులను తింటాయి. బండి పుస్తకంలో ఏ పెట్టెకు ఏ గ్రేడు రాసి ఉందో అదే వాడు.

పాత నూనె కారేటప్పుడు దాని రంగు చూడు. నల్లగా ఉంటే వయసు మాత్రమే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. దీని సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక వానాకాలం జీపులో బియ్యం బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కి, ఎక్కిన వేడి మీదనే గెడ్డలోకి, అంటే కొండవాగులోకి దించాను. వేడెక్కిన యాక్సిల్, అంటే ఇరుసు, చల్లని నీటిలో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, అప్పుడు ఆయిల్ సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి లాగబడతాయి. యాక్సిల్ మీద గాలి ఆడడానికి ఉండే బ్రీదర్ అనే చిన్న ముక్కు మట్టితో మూసుకుపోయి ఉందని అప్పటికి నాకు తెలియదు. తెలిసే నాటికి మూడు నెలలు గడిచాయి, డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, మొత్తం మార్పించవలసి వచ్చింది. కాబట్టి నీవు చేయించే మొదటి మార్పు ఇదే కావాలని నా కోరిక: రెండు యాక్సిళ్ల బ్రీదర్లకూ రబ్బరు గొట్టాలు తొడిగి, వాటి కొనలను ముందుది బానెట్ కిందికి, వెనుకది బాడీ పైభాగానికి తెచ్చి కట్టించు. దీనికి అయ్యే ఖర్చు నీ లైట్ల పట్టీ ఖర్చులో పదో వంతు కూడా ఉండదు. గెడ్డ చేరగానే దిగిపోకుండా, కొంతసేపు ఆగి యాక్సిళ్లను చల్లారనివ్వడం కూడా అలవాటు చేసుకో.

బ్రేకుల విషయంలో ఘాట్ దారి మనిషివి కనుక ఒక లెక్క చెబుతాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వేడి దాకా మరగకూడదని నియమం, తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి దిగిపోతుంది. నిండు బరువుతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడి ఆ హద్దు దాటితే ఆయిల్‌లో బుడగలు పుట్టి, పెడలు స్పంజిలా కిందికి పోతుంది. అందువల్ల రెండేళ్లకొకసారి ఆయిల్ పూర్తిగా మార్పించి గాలి తీయించు. వెనుక డ్రమ్ములు విప్పించి, వీల్ సిలిండర్లు కారుతున్నాయేమో, లైనర్లకు నూనె అంటిందేమో చూడు. దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే, నిండు బరువుంటే దానికి ఒకటి తక్కువలో దిగు. బండిని ఇంజిన్ పట్టుకోవాలి, బ్రేకు సాయం చేయాలి. న్యూట్రల్‌లో దింపి డీజిల్ మిగిల్చానని ఎవరైనా గొప్ప చెబితే అతని బండి ఎక్కకు.

స్టీరింగు చూడడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, మరొకరు కింద పడుకుని ఏ టై రాడ్ ఎండు వెంటనే కదిలి ఏది ఆలస్యంగా కదులుతోందో గమనించాలి. తరువాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ఆట ఉంటే వీల్ బేరింగు గాని, యాక్సిల్ కొసన ఉండే కింగ్ పిన్ బేరింగులు గాని పోయినట్టు. ఇవి వదులుగా ఉన్న బండి గుంతలో పడి లేచినప్పుడు స్టీరింగు చేతిలో నిలవనంతగా వణుకుతుంది. మేస్త్రీలు దానికి వణుకు అణిచే స్టీరింగు డ్యాంపర్ వేసి పంపిస్తారు. అది నొప్పి మాత్ర వంటిది, రోగం లోపలే ఉంటుంది.

ఇప్పుడు నీ జాబితాకు వస్తాను. నాలుగు అంగుళాల ఎత్తు వద్దు. ఆ ఎత్తుకు ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం మారి వాటి కీళ్లలో ఉండే క్రాసులు త్వరగా పోతాయి, బ్రేకు గొట్టాలు చాలక సాగుతాయి, ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగు తిన్నగా నిలవదు. వీటన్నిటి కన్నా పెద్ద మాట, మీ తోట దారిలో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బస్తాలు పైదాకా వేసిన బండి నాలుగు అంగుళాలు పైకి లేస్తే, పక్కకు వాలిన చోట అది పల్టీ కొట్టడానికి కావలసిన వాలు తగ్గిపోతుంది. బండి వెనుక కూర్చుండిపోయిందని నీకు అనిపిస్తున్నది కమాను కట్టలు వయసుకు అణిగిపోయినందువల్ల. కట్టలను విప్పించి, విరిగిన పట్టీలు మార్పించి, అణిగిన వాటికి వంపు పట్టించి, బుష్షులూ షాకిల్ పిన్నులూ కొత్తవి వేయించు. అప్పుడే పోయిన ఎత్తు చాలావరకు తిరిగి వస్తుంది. బరువు కోసం ఒక పట్టీ అదనంగా వేయిస్తానంటే కాదనను, ఖాళీ బండి గట్టిగా ఎగురుతుందని మాత్రం గుర్తుంచుకో. కట్టలు విప్పి బిగించిన తరువాత, వాటిని యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులను మొదటి ఐదు వందల కిలోమీటర్ల లోపు మరొకసారి బిగించాలి. ఈ ఒక్క పని మరిచి సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరిగిన బండ్లను చూశాను.

టైర్ల సంగతి. నీ ఫోటోలో టైరు పక్కన 215/75 ఆర్ 15 అని కనిపిస్తోంది. దాని వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు. నీవు అడిగిన 31 అంగుళాల టైరు 787 మిల్లీమీటర్లు. అంటే నేల నుంచి నీకు వచ్చే అదనపు ఎత్తు 42 మిల్లీమీటర్లు, ఇంజిన్ లాగుడులో పోయేది తొమ్మిదింట ఒక వంతుకు దగ్గర. స్పీడోమీటరు 60 చూపించినప్పుడు నీవు నిజంగా 67లో వెళుతుంటావు. పూర్తిగా మలుపు తిప్పినప్పుడు ఆ వెడల్పు టైరు కమాను కట్టను రాసుకునే అవకాశమూ ఉంది. మీ ఎర్రమట్టి జిగురులో బండిని కదిలించేది టైరు ఎత్తు కన్నా దాని పువ్వు, అంటే మట్టిని పట్టి వదిలే గాట్లు. బండికి అనుమతించిన కొలతలోనే మట్టిదారి పువ్వున్న టైర్లు తీసుకో. కొనేటప్పుడు పక్కన నాలుగంకెల తేదీ చూడు. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం, అటువంటిది ఎంత కొత్తగా మెరిసినా తీసుకోకు. బురదలో గాలిని 35 పౌండ్ల నుంచి 20 దాకా దించితే టైరు అడుగు పరుచుకుని పట్టు పెరుగుతుంది. తారు రోడ్డు చేరగానే మళ్లీ నింపడానికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంచుకో. నా లెక్కలో వించి కన్నా ఈ పంపే నీకు ఎక్కువసార్లు పనికి వస్తుంది.

బంపరు, వించి, లైట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ముందు తగిలించే ఇనుప గార్డులు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. నీది ఎనిమిదేళ్లు దాటిన గూడ్సు బండి కనుక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్‌కు వెళ్లక తప్పదు, ప్రతి ఏడాదీ ఇవన్నీ విప్పి మళ్లీ బిగించుకుంటావా? పైగా వించి పూర్తి బరువు లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, పాత బ్యాటరీని అది నిమిషాల్లో ఖాళీ చేసి నిన్ను అడవిలో కూర్చోబెడుతుంది. దాని బదులు మంచి నైలాన్ లాగుడు పట్టా, రెండు షాకిళ్లు, ఒక పార, జాకీ కింద వేసే మందపాటి పలక, నాలుగు గోనె సంచులు బండిలో ఉంచు. పట్టాతో లాగేటప్పుడు చుట్టూ ఎవరినీ నిలబడనివ్వకు. లైట్లకు వస్తే, ముందు ఉన్న హెడ్‌లైట్ల ఎర్త్ తీగలు శుభ్రం చేయించి, రిలే పెట్టించి చూడు. వెలుతురు సగం తీగల్లోనే పోతూ ఉండవచ్చు. లంబసింగి మంచులో నెత్తి మీది తెల్ల లైటు నీ కళ్లకే తిరిగి కొడుతుంది.

ఫోర్‌వీల్ గేరు విషయంలో ఒక హెచ్చరిక. ఈ రకం బండ్లలో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద జారడానికి వీలుండదు, ఆ బిగువంతా క్రాసుల మీదా ట్రాన్స్‌ఫర్ కేసు మీదా పడుతుంది. అందువల్ల దాన్ని మట్టిలోనే వేయి. లివరు బిగుసుకుంటే బలవంతం చేయక, నాలుగు గజాలు వెనక్కి పోనిచ్చి తీయి. ఎండాకాలంలో కూడా నెలకొకసారి మట్టిదారిలో కాసేపు వేసి నడపకపోతే వానాకాలంలో అది నీ మాట వినదు. గెడ్డలో ఇంజిన్ ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకు. సిలిండరులోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని ఒడ్డుకు లాగించి, ఎయిర్ ఫిల్టరు విప్పి తడి ఉందేమో చూసిన తరువాతనే తాళం ముట్టుకో.

మరొక్క మాట. సంత రోజున దారిలో తెలిసినవాళ్లు చెయ్యి ఎత్తుతారు, కాదనడం కష్టమే. అయినా వెనుక తొట్టిలో మనుషులను ఎక్కించకు. గూడ్సు బండి తొట్టిలో కూర్చున్నవాళ్లకు ఏమైనా జరిగితే బీమా కంపెనీ చెయ్యి ఎత్తేస్తుంది, ఆ కుటుంబం ముందు నిలబడవలసింది నీవు. లోపల ఎందరు కూర్చోవచ్చో, ఎంత బరువు వేయవచ్చో ఆర్సీలో రాసి ఉంది. ఎత్తు మీద మోజు తీరాక ఆ కాగితం ఒకసారి చదువు.

కాఫీ పళ్లు ఏరడం నవంబరులో మొదలవుతుంది కనుక, ఆలోగా చాసీ, నూనెలు, బ్రేకులు, స్టీరింగు, కమాను కట్టలు ఈ వరసలోనే పూర్తి చేయించు. టైర్లకు బయానా ఇచ్చి ఉంటే కొలత మార్చుకోగలవేమో అడుగు. ఈ ఆదివారం బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ విప్పి, చూపుడు వేలు లోపలికి పెట్టి తీసి, నూనె ఏ రంగులో ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య