ఈసీఎం రిపేరా, ఈవీ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా చేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల ఈసీఎంలు (ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డులు) బాగుచేసే షాపులో చేరతానంటున్నాడు. నేనేమో ఆరు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) కోర్సు చేయిద్దామనుకుంటున్నాను. ఏది మేలు? షెడ్డులో చేరాడంటే బంధువులు ఏమంటారో! – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ఆ చివరి ముక్కే మీ అసలు బాధ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, కోర్సు పేరే మారుతుంటుంది. ఆటోమొబైల్ ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నాడని చెప్పండి బంధువులకు. అబద్ధమేం కాదు.

ఈవీ రంగం వద్దనను. ఈ పొట్టి కోర్సుల మీదే నాకు నమ్మకం తక్కువ. చాలాచోట్ల స్లైడ్లు చూపించి, ఒక స్కూటర్ విప్పి బిగించి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఫీజు కట్టేముందు వెళ్లి ఒకటే అడగండి: మోటారును నడిపే కంట్రోలర్ బోర్డులో మాస్‌ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే చిన్న భాగం) కాలితే పిల్లల చేత మార్పిస్తారా, బోర్డు మొత్తం మార్చేయమంటారా? నీళ్లు నమిలితే ఇంటికొచ్చేయండి.

మీవాడు ఎంచుకున్న పని చూద్దాం. పాత డీజిల్ కారు స్టార్ట్ కాదు, లోపాలు చదివే స్కానర్ కనెక్ట్ కాదు. కొత్త ఈసీఎం వేయాలంటారు. తీరా చూస్తే ఎర్త్ వైరుకు చిలుము! బండిలోని బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల లైను క్యాన్, దాని రెండు చివర్లా ఒక్కో రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి క్యాన్ హై, క్యాన్ లో అనే ఆ వైర్ల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక చివరి రెసిస్టర్ అందడం లేదు, లైను ఎక్కడో తెగి ఉండొచ్చు. బోర్డులోనే లోపముంటే వేడికి, కుదుపులకు చిట్లిన సోల్డరో, లీకైన కెపాసిటరో కావచ్చు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ కాయిల్ షార్టై, బోర్డులో దాన్ని నడిపే డ్రైవర్ చిప్‌ను కాల్చేసి ఉంటే, ఇంజెక్టర్ చూడకుండా డ్రైవర్ ఒక్కటే మార్చితే మళ్లీ కాలుతుంది. ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని దొంగతనం అడ్డు) ఉన్న బండికి సెకండ్‌హ్యాండ్ ఈసీఎం బిగిస్తే సరిపోదు, పాతదాని డేటా చదివి అందులోకి ఎక్కించాలి. ఇది చదువు కాదంటే ఎలాగండీ? డిప్లొమాలో మీవాడు బట్టీపట్టిన సర్క్యూట్లు పనికొచ్చేది ఇక్కడే.

పాత బండ్లు మాయమైపోతాయనే బెంగ వద్దు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఫిట్‌నెస్ ఉంటే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో సెన్సర్లు ఇంకా ఎక్కువ, అవి పాతబడటం ముందుంది. రేపు ఈవీల్లోకి వెళ్లినా అదే సోల్డర్, అదే క్యాన్ లైను.

కష్టం లేదనను. మొదట్లో చేతికొచ్చేది ఖర్చులకే చాలదు. కొందరు మేస్త్రీలు కీలకమైన పని చాటున చేసుకుంటారు. ఏడాది చూడండి. బోర్డు ముట్టనివ్వకపోతే షాపు మార్పించండి. కోర్సు ఫీజుకని తీసిపెట్టిన డబ్బుతో మంచి మల్టీమీటర్, బెంచ్ పవర్ సప్లై కొనివ్వండి. ఓసిల్లోస్కోప్ తర్వాత చూడొచ్చు. బండి తిరిగిన కిలోమీటర్ల రీడింగ్ తగ్గించే పని, పొగలో కాలుష్యం తగ్గించే ఈజీఆర్‌ను ఎగ్గొట్టే పని అప్పజెబితే మాత్రం చేయనని చెప్పమనండి.