నొప్పి లేకపోతే ఇంప్లాంట్ బాగున్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 58 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం కింది ఎడమ దవడ పన్ను తీయించి ఇంప్లాంట్ వేయించుకున్నాను. మొన్నమొన్నటి దాకా హాయిగా నమిలాను. కొన్ని నెలలుగా అక్కడ బ్రష్ తగిలితే నెత్తురు వస్తోంది, పొద్దున లేవగానే నోట్లో చెడువాసన, తిన్నది ఆ సందులో ఇరుక్కుంటోంది. పన్ను కాస్త కదులుతున్నట్టు కూడా ఉంది. నొప్పి మాత్రం లేదు. వేసిన చోటికి ఫోన్ చేస్తే, నొప్పి లేదు కదా, భయం లేదన్నారు. పదేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నొప్పి లేదన్న మాటతో దయచేసి ఊరట చెందకండి. సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది; అన్నంలో రాయి పంటి కింద పడగానే మనం ఉలిక్కిపడేది ఆ పొరలోని నరాల వల్లనే. ఇంప్లాంటుకు ఆ పొర ఉండదు, టైటానియం మర నేరుగా ఎముకతో అతుక్కుపోతుంది. స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల్లో గమనించి, 1965లో మనిషి దవడకు ఉపయోగించినది ఈ గుణాన్నే. అందుకే చుట్టూ ఎముక కరిగిపోతున్నా చాలాకాలం నొప్పి తెలియదు. నొప్పి మొదలయ్యేసరికి కొన్నిసార్లు ఆలస్యమైపోతుంది. నోరు తెరిపించి చూడకుండా ఫోనులో ధైర్యం చెప్పడం నా దృష్టిలో సరైన పని కాదు.

నెత్తురు, వాసన చిగురు వాపుకు గుర్తులు. పాచి చేరితే మొదట చిగురు మాత్రమే వాస్తుంది. ఆ దశలో శుభ్రం చేయించి, ఇంట్లోనూ జాగ్రత్త పడితే పూర్తిగా తగ్గుతుంది. వదిలేస్తే వాపు లోపలికి దిగి ఎముకను తినేస్తుంది, అలా పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. చిగురును వేలితో మెల్లగా నొక్కితే చీము చుక్క కనిపించినా, చిగురు కిందికి జారి లోహపు అంచు బయటపడినా వ్యాధి ఈ రెండో దశకు చేరిందేమోనని అనుమానించాలి.

కదలిక విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది రెండు రకాలు. ఎముకలో మర, దానిమీద చిన్న స్తంభం, ఆపైన క్యాప్ ఉంటాయి. స్తంభాన్ని పట్టి ఉంచే లోపలి స్క్రూ వదులైతే క్యాప్ కదులుతుంది. స్క్రూ మార్చి లేదా బిగించి సరిచేయవచ్చు. క్యాప్ విప్పిన తర్వాత ఎముకలోని మరే కదిలితే మాత్రం, అది ఎంత కొద్దిగానైనా సరే, ఎముక దాన్ని వదిలేసిందనే అర్థం, ఇక తీసేయవలసిందే. ఏది కదులుతోందో మీ వేళ్లకు తెలియదు కనుక కదిపి చూడకండి, డాక్టరు చూసే వరకు ఆ వైపు నమలకండి. వదులు స్క్రూ మీద నమిలితే అది లోపలే విరిగిపోవచ్చు.

ఈ వారంలోనే వెళ్లండి. డాక్టరు మిల్లీమీటరు గీతలున్న సన్నని కడ్డీని చిగురుకూ ఇంప్లాంటుకూ మధ్య మెల్లగా దించి లోతు కొలుస్తారు, నెత్తురో చీమో వస్తుందేమో చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. ఎముక కరిగితే ఎక్స్‌రేలో మర చుట్టూ గిన్నెలాంటి నల్లటి పల్లం, అందులో బయటపడిన మర చుట్లు కనిపిస్తాయి. క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే అడిగి తీసుకెళ్లండి. పోల్చి చూడటానికి అంతకు మించినది లేదు. మొదటి ఏడాదిలో ఎముక కొంత తగ్గడం మామూలే, ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటరు కన్నా తక్కువే తగ్గాలన్నది 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకుడి బృందం చెప్పిన కొలమానం. పాత ఎక్స్‌రే దొరకకపోతే, 6 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన లోతు, తాకితే నెత్తురు, 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఎముక తగ్గుదల, ఈ మూడూ కలిసి ఉంటే ఎముక దెబ్బతిన్నట్టు నిర్ధారిస్తారు.

షుగరు అదుపులో లేకపోతే ఈ వ్యాధి ముదురుతుంది కాబట్టి మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. ఎముకలు గుల్లబారకుండా మాత్రలు గాని ఇంజెక్షన్లు గాని వాడుతుంటే తప్పక చెప్పండి, దవడ మీద చేసే ఏ చికిత్సకైనా అది ముఖ్యం. తీసేయవలసి వచ్చినా నిరాశపడకండి. ఎముక మానిన కొన్ని నెలలకు, అవసరమైతే ఎముక పొడి నింపి, చాలామందికి మళ్లీ వేయగలుగుతున్నారు.

ప్రశ్న: మా నాన్నగారికి ఇంప్లాంట్ వేసి ఐదు రోజులైంది. ఇంకా వాపు ఉంది. ఇది మామూలేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వాపు రెండో, మూడో రోజుకు ఎక్కువై, ఆ తర్వాత రోజురోజుకూ తగ్గాలి. తగ్గుతూ ఉంటే కంగారు లేదు. ఐదో రోజున పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారుతున్నా ఆ రోజే చూపించండి. కింది దవడకు వేసి ఉంటే, మత్తు దిగిపోయాక కూడా పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉన్నాయేమో నాన్నగారిని అడగండి. ఉన్నాయంటే మర నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు, గంటలు గడవకుండా డాక్టరుకు చెప్పాలి. బీడీ, చుట్ట అలవాటు ఉంటే ఎముక అతుక్కునే ఈ నెలల్లోనైనా మాన్పించండి.