ఆల్ట్‌గెల్డ్ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన ఆల్ట్‌గెల్డ్ జీవితకథ రెండుసార్లు చదివాను. ఆయన గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే ముందు చాలా సంతోషం వేసింది. చిన్నప్పుడు మేడే నాడు మా వీధి చివర జెండా ఎగరేసి చికాగో అమరవీరుల పేర్లు, అంటే అమెరికాలో బాంబు కేసులో శిక్షపడ్డ అరాచకవాద కార్మిక నాయకుల పేర్లు చదివేవాళ్లు. ఉరికంబమెక్కిన నలుగురి గురించీ అలా విన్నాను. జైల్లో మిగిలిన ముగ్గురిని గవర్నర్‌గా ఈ ఆల్ట్‌గెల్డే విడిపించాడని మాత్రం ముప్పై ఏళ్లు దాటాకే తెలిసింది. అందుకే నీ రాత మీద నాకింత పట్టింపు.

మొదటి రెండు పేజీల్లోనే పదకొండు తేదీలున్నాయి. 1847లో జర్మనీలో పుట్టాడు, పసివాడిగా ఉండగానే ఒహాయో చేరాడు, 1892లో ఇల్లినాయ్ గవర్నర్‌గా గెలిచాడు. అన్నీ నిజాలే, కానీ మనిషి కనపడటం లేదు. 1893 జూన్ 26తో మొదలుపెట్టు. ఆ రోజు ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గవర్నర్ గదిలో ఉన్న బ్రాండ్ విట్‌లాక్ అనే యువకుడు చూసినదంతా తర్వాత రాసిపెట్టాడు. ఆల్ట్‌గెల్డ్ ఆ ముగ్గురి క్షమాభిక్ష కాగితాల మీద సంతకాలు పెట్టి డ్రేయర్ అనే బ్యాంకర్ చేతికిచ్చాడు. డ్రేయర్ ఏదో చెప్పబోయి మాట పెగలక ఏడ్చేశాడు. గవర్నర్ కిటికీలోంచి చెట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గడియారం తీసి చూసి, రైలు తప్పిపోతుందని గుర్తుచేశాడు. నువ్వేమో ఇక్కడ "ఆయన గుండె బరువెక్కింది" అని రాశావు. ఆ వాక్యం కొట్టేశాను. గడియారం చాలు.

ఇక నువ్వు ఒక్క పేరాలో దాటేసిన క్షమాభిక్ష పత్రం. నా దృష్టిలో కథకు ప్రాణం అదే. దయతో వదిలేస్తున్నానని నాలుగు ముక్కలు రాసుంటే చాలామంది సర్దుకుపోయేవాళ్లు. ఆయన అలా చేయలేదు. శిక్ష వేయించడం కోసమే జ్యూరీని ఏరి కూర్చారని, 1886లో చికాగోలోని హేమార్కెట్ కూడలిలో బాంబు ఎవరు విసిరారో కోర్టులో తేలనే లేదని, ఆ కేసు విచారించిన జడ్జి గ్యారీ పక్షపాతం చూపాడని పేజీలకు పేజీలు వాదించాడు. పత్రికలు ఆయన్నే అరాచకవాది అన్నాయి. ఆ వాదనను వీలైనంతగా ఆయన వరసలోనే చెప్పు.

ఫ్లోరెన్స్ కెల్లీని ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా పెట్టడం గురించి రెండు వాక్యాలు చాలు. 1894లో రైల్వే కార్మికులు చేసిన పుల్‌మన్ సమ్మె దగ్గర మాత్రం కాస్త ఆగు. రాష్ట్రం అడగకుండానే అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని దింపితే, సొంత పార్టీ అధ్యక్షుడని కూడా చూడకుండా ఆల్ట్‌గెల్డ్ టెలిగ్రాముల్లో నిలదీశాడు. 1896లో ఓడిపోయాడు. ఆ ఓటమి మీద నువ్వు పెట్టిన ఉపన్యాసం తీసెయ్.

ఇంకొక్క మాట. డ్రేయర్ ఆ కాగితాలు పట్టుకుని రైలెక్కింది ఆ ముగ్గురూ ఉన్న జోలియెట్ జైలుకు. 1902 మార్చిలో ఆల్ట్‌గెల్డ్ దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లతో పోరాడుతున్న బోయర్ల తరఫున ప్రసంగించి కుప్పకూలిందీ, కొన్ని గంటల్లో పోయిందీ ఆ జోలియెట్‌లోనే. నీ ప్రతి అంతా వెతికాను తమ్ముడూ, ఆ ఊరి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ప్రేమతో,
అన్నయ్య