రాయగడలో పదో తరగతి: స్టాండర్డ్ మ్యాథ్స్ సార్ దగ్గరా, బేసిక్ మేడమ్ దగ్గరా?

మీ పాపది సీబీఎస్ఈ బడి. స్టాండర్డ్ సెక్షన్ సార్ పరుగెత్తిస్తారు, బేసిక్ మేడమ్ నిదానంగా చెప్తారు, ఎటు వెళ్లాలి అని కదా మీ ప్రశ్న. అసలు ఈ రెంటికీ సిలబస్ ఒక్కటే, పుస్తకమూ ఒక్కటే. 2020 బోర్డు పరీక్ష నుంచి వేరయింది ప్రశ్నపత్రం మాత్రమే, బేసిక్ పేపరు తేలిక (సబ్జెక్టు కోడ్‌లు: స్టాండర్డ్ 041, బేసిక్ 241). సెక్షన్లుగా విడదీయడం మీ బడి సొంత ఏర్పాటు.

కాబట్టి పాపని మేడమ్ క్లాసులో కూర్చోబెట్టి, బోర్డు పరీక్ష ఫారంలో స్టాండర్డే పెట్టించండి. హెడ్మాస్టరుగారిని అడిగితే కాదనడానికి కారణం ఉండదనుకుంటాను. తెలుగులోనో ఒడియాలోనో జంకకుండా డౌటు అడగగలిగే టీచరు దొరకడం మన సరిహద్దు ఊళ్లలో చిన్న విషయం కాదు. కష్టమైన లెక్కలు ఇంట్లో పాత స్టాండర్డ్ పేపర్లతో చేయించుకోవచ్చు.

పదకొండులో మ్యాథ్స్ తీసుకోవాలంటే స్టాండర్డ్ ఉండాలన్నది మూల నియమం. మధ్యలో సడలింపులు ఇచ్చారు గానీ వాటిని నమ్ముకోకండి. బేసిక్ పాసయ్యాక మనసు మారితే కంపార్ట్‌మెంట్ పరీక్షప్పుడు (తప్పినవాళ్లకు మళ్లీ పెట్టే పరీక్ష) స్టాండర్డ్ రాసే వీలు మొదట్లో ఇచ్చారు; ఇప్పుడెలా ఉందో బడిలో అడగండి. లెక్కలతో పనిలేని చదువు అనుకుంటే మాత్రం బేసిక్ చాలు.