ఉడకబెట్టిన చికెన్ మానెయ్

అమ్మలూ,

పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి నెలసరి గాడి తప్పే జబ్బు) అని తేలిందని, ఇక రాత్రిళ్లు ఉప్పూకారం లేని ఉడికించిన చికెనే గతి అని రాశావు. ఎవరు చెప్పారే నీకు? నీ వయసులో నాకూ అదే అని తేలినప్పుడు నేనూ ఆ పనే చేశాను. బ్రెస్ట్ పీసులు నీళ్లలో పడేసి అరగంట ఉడికించాను. నమిలితే పీచు, మింగబోతే గొంతుకు అడ్డం. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మనలో చాలామందికి తంటా అంతా రక్తంలో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్‌తోనే. ఒళ్లు దాని మాట సరిగ్గా వినదు, అందుకని ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఆ ఎక్కువైనదే అండాశయాల చేత ఆండ్రోజెన్లను (మగ హార్మోన్లను) ఎక్కువగా తయారు చేయిస్తుంది. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు అందువల్లే. ఇన్సులిన్‌ని పెంచే పిండిపదార్థం చికెన్‌లో దాదాపు లేదు కాబట్టి దానితో గొడవే లేదు. పక్కన ఏం వడ్డించుకుంటావు, దేంట్లో ముంచుకు తింటావు అన్నదే చూసుకో. పళ్లెంలో సగం కూరగాయలు, పావు చికెన్, మిగిలిన పావు పొట్టు తీయని ధాన్యమో పప్పో. సీసా సాసులు కొనేముందు వెనక చదువు, చాలావాటిలో చక్కెర ఉంటుంది.

ఇక వంట. ముక్కల్ని కుళాయి కింద కడగకు, నీళ్లు చింది క్రిములు సింకంతా పాకుతాయి. పేపర్‌తో తడి అద్దేయ్. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచు. బ్రెస్ట్ పీస్ ఒకవైపు మందంగా ఉంటుంది, అక్కడ నాలుగు దెబ్బలేసి సమం చెయ్. (తొడ ముక్కయితే ఈ బాధ లేదు, కాస్త ఎక్కువ ఉడికినా మెత్తగానే ఉంటుంది. నా ఓటు దానికే.) పాన్ బాగా కాలాక చెంచాడు నూనె వేసి ముక్క పెట్టు, పెట్టాక కదపకు. మొదట అంటుకుంటుంది, పీకావో చిరుగుతుంది. ఐదారు నిమిషాలకు ఎర్రబడి దానంతటదే ఊడొస్తుంది. అప్పుడు తిప్పి మంట తగ్గించు. మందంగా ఉన్నచోట థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. దించాక ఐదు నిమిషాలు దాని జోలికి పోకు, లేకపోతే రసమంతా పలక మీదకి కారిపోతుంది.

ఆలోగా అదే పాన్‌లో కాసిని నీళ్లు చల్లి, అడుగున అంటిన ఎర్రటి చెక్కుని గరిటెతో గీకు. అసలు రుచంతా అందులోనే. బీన్సో క్యాప్సికమో ఆకుకూరో అందులోనే మగ్గించు.

తినేటప్పుడు ముందు కూరగాయలు, చికెన్, చివర్న ధాన్యం. అలా తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో తినేయ్.

మెట్‌ఫార్మిన్ (ఒళ్లు ఇన్సులిన్ మాట వినేలా చేసే మాత్ర) ఇచ్చారా? తిండి బాగుపడిందని నీ అంతట నువ్వు మానేయకు. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు, ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌ని ఆ పరీక్ష సంగతి అడుగు.

పెద్దమ్మ