శ్రీకాకుళం, విజయనగరం కొండలు అగ్నిపర్వతాలు కక్కిన లావాతో ఏర్పడ్డాయా?

లేదు, ఇక్కడి తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్నవి రూపాంతర శిలలు, అంటే వేడికి, ఒత్తిడికి రూపం మారిన రాళ్లు. వాటిలో ముఖ్యమైన ఖోండలైట్ అనే రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక.

భూమి పైపొర పలకలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు ఆ మట్టి పొరలు 20 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిపోయాయి. అక్కడి వేడి 800 డిగ్రీల సెల్సియస్‌కు పైగానే, ఒత్తిడి సరేసరి. రాయి పూర్తిగా కరిగిపోలేదు. లోపలి ఖనిజాలు మాత్రం మారి గార్నెట్, సిల్లిమనైట్ లాంటి కొత్తవి పుట్టాయి. ఇటుక బట్టీలో మట్టి కరగకుండానే మరో పదార్థం అయిపోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ బట్టీ కోట్ల ఏళ్లు మండింది. ఈ మార్పు దాదాపు 100 కోట్ల ఏళ్ల నాటిది. తర్వాత పైనున్న రాళ్లు అరిగిపోయి లోతులోవి బయటపడ్డాయి.

కళింగపట్నం తీరం చూడండి. ఇసుకలో అక్కడక్కడా ఎర్రటి, నల్లటి చారలుంటాయి. ఎరుపు గార్నెట్‌ది, నలుపు ఎక్కువగా ఇల్మనైట్ (ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం)ది. కొండరాళ్లు అరిగితే వాగులు, నదులు మోసుకొచ్చిన గింజలే అవి.

కొండ ఎర్రగా ఉంది కాబట్టి కాలిన రాయే అనుకుంటారు చాలామంది. ఆ ఎరుపు కాలినందువల్ల రాలేదు. రాతిలోని ఇనుము గాలికి, వానకు తుప్పు పడుతుంది, అంతే. ఇంకో తికమక వ్యాపారుల పేర్లతో వస్తుంది: మార్కెట్లో గట్టి రాయి ఏదైనా ‘గ్రానైటే’, భూగర్భ శాస్త్రంలో మాత్రం అలా కాదు.