మక్కలకు బూజు పట్టింది, టాక్సిన్ బైండర్ ఎంత వెయ్యాలి?

ప్రశ్న: మాకు 5,000 లేయర్ కోళ్లున్నాయి. దాణా మేమే కలుపుకుంటాం. వానకు తడిసిన మక్కలు తక్కువ ధరకు వస్తే కొని, ఎండబెట్టి వాడుతున్నాం. మూడు వారాల్లో గుడ్లు 90 శాతం నుంచి 80కి పడిపోయాయి. గుడ్డు సైజు తగ్గింది, రెట్ట పలచగా పడుతోంది. చనిపోయిన కోడిని కోస్తే కార్జం పసుపు రంగులో, ముట్టుకుంటే చిట్లేలా ఉంది. బూజు విషాన్ని పట్టేసే మట్టి రకం బైండర్ టన్ను దాణాకు కిలో చొప్పున వేస్తున్నాం, లివర్ టానిక్ నీళ్లలో ఇస్తున్నాం. గుణం కనబడలేదు. బైండర్ రెట్టింపు చేయాలా?
– ఒక రైతు, పరకాల, హనుమకొండ జిల్లా

జవాబు: ముందు ఆ మక్కలు ఆపండి. బైండర్ సంగతి ఆ తర్వాతే. ఎండబెడితే తేమ పోతుంది, బూజు పెరగడం ఆగుతుంది. గింజలోకి అప్పటికే ఎక్కిన విషం మాత్రం అలాగే ఉంటుంది. దాణాను వేడి చేసి పెల్లెట్ కొట్టినా అది పోదు.

మీరు చెప్పిన లక్షణాలు అఫ్లటాక్సిన్‌ను (బూజు వదిలే విషాల్లో ఒకటి) గట్టిగా అనుమానించాల్సినవే. అయితే కొక్కెర తెగులులో కూడా గుడ్లు తగ్గుతాయి, కొవ్వు పట్టిన కార్జం కూడా పసుపుగానే ఉంటుంది. కాబట్టి అప్పుడే చనిపోయిన రెండు మూడు కోళ్లను పశువైద్యుడితో కోయించి చూపించండి. నోట్లో, నాలుక అంచున పొక్కులు, పుండ్లు ఉంటే టీ-2 టాక్సిన్, మూత్రపిండాలు ఉబ్బి తెల్లగా సుద్ద పేరుకుంటే ఆక్రాటాక్సిన్ కూడా ఉందేమో చూడాలి. ఇవి కూడా బూజు విషాలే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఏ బైండర్ కొనాలో దాన్నిబట్టే తేలుతుంది.

బెంటొనైట్, హెచ్‌ఎస్‌సీఏఎస్ (శుద్ధి చేసిన ఒక బంకమట్టి ఖనిజం) వంటి మట్టి రకాలు అఫ్లటాక్సిన్‌ను పేగులోనే పట్టేసి రెట్టలో బయటికి పంపుతాయి. ఆ విషపు అణువు పలచని బిళ్లలా ఉండి మట్టి పొరల మధ్య ఇరుక్కుంటుంది. టీ-2, ఆక్రాటాక్సిన్ అలా ఇరుక్కోవు. వాటి మీద మట్టి ఒక్కటే దాదాపు పనిచేయదు. ఈస్ట్ కణాల గోడలు, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు కలిసిన మిశ్రమ రకం కావాలి. ధర ఎక్కువే అయినా అవసరం అక్కడే.

మట్టి రకానికి టన్నుకు కిలో చాలదు. 2.5 నుంచి 5 కిలోలు వేయాలి. ఇప్పుడున్న స్థితిలో మూడు నాలుగు వారాలు 5 కిలోలు వేసి, కోళ్లు తేరుకున్నాక 2.5కు దించండి. మిశ్రమ రకమైతే సంచి మీద రాసిన మోతాదే పాటించండి. మట్టి రకాన్ని 5 కిలోలకు మించి పోస్తే ఖనిజాలు, విటమిన్లు కూడా అందులో చిక్కే ప్రమాదం ఉంది. దాణాలో టైలోసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తున్న రోజుల్లో బెంటొనైట్ వద్దు, మందు పనితనం దెబ్బతింటుంది.

కోడికి రోజుకు 110 గ్రాముల లెక్కన మీకు 550 కిలోల దాణా పడుతుంది, అంటే రోజుకు 2.75 కిలోల బైండర్. ఇంత కొద్ది పొడిని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒకచోట గడ్డగా, ఇంకోచోట సున్నాగా ఉండిపోతుంది. చాలా ఫారాల్లో బైండర్ పనిచేయలేదన్న ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. ముందుగా 20 కిలోల మక్క పిండిలో చేత్తో బాగా కలపండి. మిక్సర్‌లో సగం మక్క పిండి పడ్డాక దీన్ని పోసి, మిగతా సరుకు వేయండి. నిలువు మిక్సర్ అయితే కనీసం 15 నిమిషాలు తిప్పాలి. నూనె వేస్తుంటే అది చివర్లోనే.

బైండర్‌ను నీళ్లలో కలపవద్దు. అడుగున పేరుకుని నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే మొనలు) పూడుకుపోతాయి. విషం దాణాలో ఉంది, బైండర్ కూడా దాణాలోనే ఉండాలి. లివర్ టానిక్ కొనసాగించవచ్చు, కానీ అది కార్జానికి ఆసరా మాత్రమే, విషాన్ని తీయదు. దానితోపాటు మీరు వేసే మెథియోనిన్‌ను (దాణాలో కలిపే అమైనో ఆమ్లం) మూడో వంతు పెంచండి. కోలిన్ క్లోరైడ్, విటమిన్ ఇ, సెలీనియం తగ్గకుండా చూడండి.

మక్కల స్థానంలో సగం నూకలు, సగం కొత్తగా కొన్న పొడి మక్కలు వాడండి. నూకలతో పచ్చసొన రంగు తేలిపోతుంది, అది రోగం కాదు. పల్లి చెక్క వేస్తుంటే అదీ మానండి, అఫ్లటాక్సిన్ భయం దానికీ ఎక్కువే. కొత్త దాణా పోసే ముందు ఫీడర్ల మూలల్లో, మిక్సర్ అడుగున అంటుకున్న పాత గడ్డలు గీకేయండి. గుడ్లు వెంటనే లేవవు, రెండు మూడు వారాలు ఓపిక పట్టండి.

ఏనుమాముల మార్కెట్‌లో కొన్నా, కల్లం దగ్గర కొన్నా తేమ 12 శాతం దాటకుండా చూసుకోండి. మీటర్ లేకపోతే పొడి గాజు సీసాలో మూడో వంతు మక్కలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి నిమిషం ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే, ఆ సరుకు తీసుకోవద్దు. అంటుకోకపోతే అది 15 లోపు అని మాత్రమే తెలుస్తుంది, ఇంకా ఆరబెట్టాలి. విరిగిన గింజల్లో, దుమ్ములో విషం ఎక్కువ కాబట్టి జల్లెడ పట్టి వాడండి. నిల్వ దాణాకు కాల్షియం ప్రొపియోనేట్ టన్నుకు 1 నుంచి 2 కిలోలు కలిపితే కొత్త బూజు రాదు, పాత విషం మీద దాని ప్రభావం లేదు.

పరీక్షకు పంపేటప్పుడు ఒక్క సంచి నుంచి తీయవద్దు. విషం కుప్పలో అక్కడక్కడా ముద్దలుగా ఉంటుంది. ప్రతి పది సంచుల్లో ఒకదాని పైన, మధ్య, అడుగు నుంచి తీసి, అంతా కలిపి, అందులోంచి కిలో కాగితపు కవర్లో పంపండి. దాణాలో అఫ్లటాక్సిన్ బి1 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20 భాగాలు) దాటకూడదన్నది భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పరిమితి.

పక్కన పెట్టిన మక్కలను బర్రెలకు అసలు వేయవద్దు. ఆ విషం ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు.